ఆగస్టు యూరియా క్యూ జూన్‌లోనే మొదలైందా? ప్రపంచ ముప్పులను చిన్న సంఘాలు ముందుగా ఎలా లెక్కవేసుకోవాలి

ఎడమకాలువ (మిర్యాలగూడ) | 9 నవంబర్ 2025

అందరికీ నమస్కారం. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో సుమారు ఆరు వందల మంది సభ్యులున్న ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘంలో నేను డైరెక్టరును. జనవరిలో మా బోర్డు ఒక పెద్ద నిర్ణయం తీసుకోవాలి. చేతిలో ఉన్న కొద్దిపాటి మూలధనానికి బ్యాంకు అప్పు జోడించి ఎరువులు, విత్తనాలు నిల్వ చేసుకునే గోదాము కట్టాలా, లేక పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లులో వాటా తీసుకోవాలా అన్నది మా ముందున్న ప్రశ్న. ఏది ఎంచుకున్నా అప్పు తీరేసరికి పదేళ్లు పడుతుంది.

ఇందుకోసం ఒక కన్సల్టెన్సీ చేత పదేళ్ల దార్శనిక పత్రం రాయించుకున్నాము. 2035 నాటికి ప్రపంచం ఎలా ఉంటుందో నలభై పేజీల్లో రంగుల బొమ్మలతో చెప్పారు గాని, మొన్న ఆగస్టులో మా రైతులు చెప్పులు, పట్టా పాసుపుస్తకాలు వరుసలో పెట్టి తెల్లవారుజాము నుంచి యూరియా కోసం ఎందుకు నిలబడవలసి వచ్చిందో అందులో ఒక్క వాక్యం కూడా లేదు. వ్యూహాత్మక ముందుచూపు అనే విద్య ఒకటి ఉందని, ప్రభుత్వాలు, పెద్ద కంపెనీలు దాన్ని వాడుకుంటాయని విన్నాను. అది నిజంగా విద్యేనా, మా వంటి వారికి పనికివస్తుందా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

జూరాల గేటు (మహబూబ్‌నగర్) | 9 నవంబర్

డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెప్పేవాడిగా నాకు తెలిసినంతలో చెబుతాను. విద్య ఉన్నమాట నిజమే. ఫిన్లాండ్ పార్లమెంటుకు 1993 నుంచి భవిష్యత్తు కోసమే ఒక సంఘం ఉంది. సింగపూర్ ప్రభుత్వం 2009లో ఇదే పనికి ఒక కేంద్రాన్ని పెట్టుకుంది. అయితే దాని మూలసూత్రం మన నదుల పక్కన పెరిగినవారికి కొత్తదేమీ కాదు.

షెల్ చమురు కంపెనీలో 1970ల మొదట్లో సినారియోల పద్ధతిని, అంటే భవిష్యత్తు ఎన్ని రకాలుగా ఉండవచ్చో వేర్వేరు కథలుగా రాసుకునే పద్ధతిని, నిలబెట్టిన పియర్ వాక్ అనే ఫ్రెంచి ఆయన, ఆ పద్ధతిని వివరించడానికి మన గంగనే ఉదాహరణగా తీసుకున్నారు. గంగ ఎగువన కుండపోత వాన కురిస్తే రెండు రోజులకు రిషికేశ్‌లో, మరి కొన్నాళ్లకు అలహాబాదులో, ఆపైన కాశీలో నీటిమట్టం పెరిగి తీరుతుందని చెప్పడానికి పంచాంగం అక్కరలేదు; ఆ వాన అప్పటికే కురిసిపోయింది కాబట్టి. అలా జరిగిపోయి కూడా ఫలితం మన దాకా ఇంకా చేరని విషయాలను ఆయన ఒక పక్కన పెట్టి, ఎటు తిరుగుతాయో ఎవరికీ తెలియని విషయాలను మరో పక్కన పెట్టేవారు. కృష్ణపై ఎగువన కర్ణాటకలో ఉన్న ఆల్మట్టి డ్యాము గేట్లు ఎత్తారన్న వార్త వినగానే జూరాల దిగువన రైతులు నదిలో పెట్టుకున్న మోటార్లను ఒడ్డుకు లాక్కోవడం కూడా ఈ విద్యే.

షెల్‌లో వాక్ బృందం చూసిన వాన ఏమిటంటే, అమెరికాలో చమురు ఉత్పత్తి 1970లో గరిష్ఠానికి చేరి తగ్గడం మొదలైంది, ఆ దేశపు దిగుమతులు పెరుగుతున్నాయి, అమ్మే గల్ఫ్ దేశాలకేమో ఇంకా ఎక్కువ తోడి అమ్మవలసిన అవసరం కనిపించడం లేదు. 1973 అక్టోబరులో యుద్ధం వచ్చి అరబ్ దేశాలు సరఫరాకు కోత పెట్టగా, 3 డాలర్ల దగ్గర ఉన్న పీపా ధర 1974 జనవరికి 11 డాలర్లు దాటింది. యుద్ధం తేదీని వారు చెప్పలేదు, ధర అలాగే ఉండిపోదని మాత్రం ముందే చెప్పారు.

ఇప్పుడు మీ చెప్పుల వరుసకు వద్దాము. యూరియాకు ముడిసరుకు సహజవాయువు. 2025 జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్‌పై దాడులు మొదలుపెట్టి, భద్రత కోసం తన సముద్రపు గ్యాస్ ఉత్పత్తిని నిలిపినప్పుడు, ఆ గ్యాస్ మీద ఆధారపడిన ఈజిప్టు యూరియా కర్మాగారాలు ఆగిపోయాయి. ఇరాన్‌లోనూ ఉత్పత్తి ఆగింది. చైనా అంతకు ముందు నుంచే యూరియా ఎగుమతులను బిగబట్టి ఉంది. ఇక్కడేమో వానలు మంచిగా పడి వరి, మక్క విస్తీర్ణం పెరిగింది, దేశంలోని కొన్ని కర్మాగారాలు మరమ్మతులకు ఆగాయి. రామగుండంలో ఏడాదికి 12.7 లక్షల టన్నుల కర్మాగారం ఉన్నది కదా అని మనం ధైర్యంగా ఉంటాము గాని, దానికీ పైపులో గ్యాస్ రావాలి. మన దేశానికి కావలసిన గ్యాస్‌లో దాదాపు సగం దిగుమతిదే. ఖతార్ నుంచి 2048 వరకు ఏడాదికి 75 లక్షల టన్నుల ద్రవీకృత సహజవాయువు (ఎల్‌ఎన్‌జీ) తెచ్చుకునే ఒప్పందం ఉంది, ఆ ఓడలన్నీ ఇరాన్ పక్కనున్న ఇరుకైన హోర్ముజ్ జలసంధి గుండానే రావాలి.

ఇందులో గమనించవలసిన మెలిక ఇంకొకటి ఉంది. 45 కిలోల యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలని ప్రభుత్వం కట్టి ఉంచినప్పుడు, ప్రపంచంలోని కొరత మీకు ధరలో కనిపించదు. అది నేరుగా క్యూగా వస్తుంది. అందువల్ల ధరలు చూసి ముందుచూపు నేర్చుకున్న మిల్లు వ్యాపారి కూడా యూరియా విషయంలో మోసపోతాడు.

సందేహి (నల్లగొండ) | 10 నవంబర్

జూరాల గేటు సార్ రాసినది వినడానికి బాగుంది గాని, అది జరిగిపోయిన తర్వాత ముక్కలు కలిపి కుట్టిన బొంత. జూన్‌లో ఈ మాట ఈ వేదికలో ఎవరైనా రాశారా అని వెనక్కి వెళ్లి వెతికాను. ఎవరూ రాయలేదు, సార్ కూడా రాయలేదు.

ఫిలిప్ టెట్‌లాక్ అనే అమెరికా ఆచార్యుడు 284 మంది నిపుణుల రాజకీయ, ఆర్థిక అంచనాలను దాదాపు రెండు దశాబ్దాల పాటు సేకరించి, 2005లో లెక్క తేల్చారు. ఉన్నదే కొనసాగుతుందని కళ్లు మూసుకుని చెప్పే సూత్రాన్ని కూడా సగటు నిపుణుడు ఓడించలేకపోయాడు. టీవీలో ఎక్కువగా కనిపించే నిపుణులైతే మరీ అధ్వానం. ఒకవేళ ముందుగా చెప్పినా వినేవారెవరు? అమెరికా గూఢచార మండలి 2008లో వెలువరించిన దీర్ఘకాల నివేదికలో మహమ్మారి రావచ్చునన్న హెచ్చరిక ఉంది. 2020లో ఆ దేశంలోనే మాస్కులు దొరకలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు 2035కు ఇప్పుడే పేరు పెట్టడం ఆపి, ఆ కన్సల్టెన్సీకి ఇచ్చిన డబ్బుతో రెండు లారీల డీఏపీ కొని పెట్టుకుని ఉంటే సంఘానికి మేలు జరిగేది.

విశ్రాంత ఇంజినీరు (గద్వాల) | 10 నవంబర్

నీటిపారుదల శాఖలో ముప్ఫై ఏళ్లు పనిచేసినవాడిని కనుక, కృష్ణ ఉదాహరణలో విడిచిపెట్టిన భాగాన్ని పూరించాలి.

2009 సెప్టెంబరు చివర మా కళ్లన్నీ ఎగువ వైపే ఉన్నాయి. వానాకాలం వెళ్లిపోతున్నదని శ్రీశైలం జలాశయాన్ని నింపి పెట్టుకున్న సమయమది. అప్పుడు వాన పడినది ఆల్మట్టికి ఎగువన కాదు. కర్నూలు, మహబూబ్‌నగర్, రాయచూరు, బళ్లారి ప్రాంతాల్లో, అంటే పెద్ద డ్యాములకు దిగువన, మా కొలతలకు నడుమ పడింది. తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు పట్టణం మునిగింది, ఇవతల అలంపురం మునిగింది. శ్రీశైలానికి వచ్చిన ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ డ్యామును రూపకల్పన చేసినప్పుడు లెక్కగట్టిన గరిష్ఠ వరద కంటే అది ఎక్కువ. డ్యాము నిలిచింది, కాని ఆ రాత్రులు మాలో ఎవరికీ నిద్ర లేదు.

కాబట్టి వాక్ గారి గంగ ఉదాహరణ సగం నిజం. గేజీ, అంటే నీటిమట్టం కొలిచే సాధనం, ఉన్న చోట పడిన వాననే మనం లెక్కలోకి తీసుకుంటాము. హోర్ముజ్ గురించి ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నారు కనుక అక్కడ గేజీ ఉన్నట్టే. మీ సంఘానికి గేజీ లేని పక్క ఏదో వెతకండి. నాకు కనిపించేది ఒకటి చెబుతాను: ఆల్మట్టి ఎత్తును 519.6 మీటర్ల నుంచి 524.256 మీటర్లకు పెంచుకోవాలని కర్ణాటక పట్టుబడుతోంది. ప్రపంచ రాజకీయాల పట్టికలో దీనికి చోటుండదు, మీ గోదాముకు మాత్రం అది ప్రాణప్రదం. 2023–24లో సాగర్‌లో నీళ్లు లేక మీ ఆయకట్టు ఎండినప్పుడు యూరియాను అడిగినవారెవరు?

రెండవది, కట్ట కట్టేటప్పుడు మేము లెక్కకు అందని అలల కోసం పూర్తి నీటిమట్టానికి పైన కొంత ఎత్తును వదులుతాము. దానిని ఫ్రీబోర్డు అంటారు. మీ అప్పుకు కూడా ఫ్రీబోర్డు వదలండి. బ్యాంకు ఇస్తానన్నంత తీసుకోకండి.

మిల్లు బజారు (మిర్యాలగూడ) | 11 నవంబర్

ఎరువుకు క్యూ వచ్చినట్టు, మా బియ్యానికి ఉత్తర్వు వస్తుంది. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది, 2024 సెప్టెంబరు 28 దాకా అది ఎత్తలేదు. ఆ రోజు నేను కూడా పిడుగు పడినట్టే కూర్చున్నాను. తర్వాత పాత కాగితాలు తిరగేసి చూసుకుంటే సిగ్గు వేసింది. 2022 మే 13న గోధుమల ఎగుమతి ఆపారు, అదే ఏడాది సెప్టెంబరులో నూకల ఎగుమతి ఆపారు. 2023 జూన్ 8న మన వానలను తగ్గించే ఎల్ నినో మొదలైందని అమెరికా వాతావరణ సంస్థ ప్రకటించింది. మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికలు. గోధుమ, నూక అయ్యాక మూడవది ఏదో తెలుసుకోవడానికి నాకు సినారియో అవసరమా? జూన్ 8కి, జూలై 20కి మధ్య సరిగ్గా ఆరు వారాలున్నాయి. ఆ ఆరు వారాల్లో నేను కొత్త ఎగుమతి బేరాలు కుదుర్చుకుంటూనే ఉన్నాను.

సందేహి గారు అన్నట్టు చెప్పేవారు లేక కాదు. మనకు అప్పుడు లాభం వస్తున్నది కనుక వినబుద్ధి కాదు.

కందిచేను (నారాయణపేట) | 11 నవంబర్

మా వైపు కందికి గేజీ మొజాంబిక్‌లోను, మయన్మార్‌లోను ఉంది. 2021 నాటి ఒప్పందాల ప్రకారం మొజాంబిక్ నుంచి ఏటా 2 లక్షల టన్నులు, మయన్మార్ నుంచి లక్ష టన్నుల కందులు ప్రైవేటు వ్యాపారుల ద్వారా వస్తాయి. సుంకం లేని దిగుమతి గడువు 2026 మార్చి 31 దాకా ఉంది. మా పంట ఇంటికి వచ్చే వేళకు ఆ గడువును పొడిగిస్తారా లేదా అన్నదే మా భూగోళ రాజకీయం. ఇంతకు మించి నాకు తెలియదు గాని, ఈ తేదీని మా ఊరి గోడ మీద రాసి పెట్టాను.

దేవరకొండ అక్క | 12 నవంబర్

అన్నలందరూ ఓడల గురించి, ఉత్తర్వుల గురించి మాట్లాడుతున్నారు. జిన్నింగ్ మిల్లుకు వచ్చే పత్తిని ఏరే చేతుల గురించి ఒక్కరూ అడగలేదు.

కురిసిపోయిన వాన అంటే జనాభా కంటే పెద్దది ఏముంటుంది? 2045లో ఇరవై ఏళ్లు నిండేవారు ఈ సంవత్సరం పుట్టినవారే. ఆ లెక్కను ఏ యుద్ధమూ, ఏ ఎన్నికా పెంచలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం తెలంగాణలో ఒక మహిళకు సగటున పుట్టే పిల్లలు రెండు కంటే తక్కువ. బీహార్‌లో అది 3కు దగ్గరగా ఉంది. ఒకనాడు పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి డ్యాములు కట్టారు. ఇప్పుడు మన వరి నాట్లకు బీహార్ నుంచి మగవాళ్లు వస్తున్నారు. అక్కడ కూడా పిల్లల సంఖ్య తగ్గుతూనే ఉంది కనుక ఆ రాకకు కూడా ఒక చివర ఉంది. పత్తి ఏరడమైతే ఇప్పటికీ మా ఆడవాళ్ల పనే, నా వయసువారి పనే. మా మహిళా సంఘంలో నలభై ఏళ్ల లోపువారు కూలికి పత్తి చేలోకి రావడం నేను చూస్తుండగానే తగ్గిపోయింది. ఏరే యంత్రానికి తగిన మొక్క, సాళ్లు, ఒకేసారి పగిలే కాయ ఇంకా మన చేలలో లేవు. పదేళ్ల అప్పు జిన్నింగ్ మీద పెట్టేముందు, ఎనిమిదవ ఏట పత్తి ఎవరు ఏరుతారో మీ బోర్డులో ఒక ఆడమనిషిని అడిగి చూడండి. బోర్డులో ఆడమనిషి ఉన్నారనే అనుకుంటున్నాను.

దివిటిపల్లి యువకుడు (మహబూబ్‌నగర్) | 12 నవంబర్

మా ఊరి దగ్గర అమర రాజా లిథియం బ్యాటరీల ప్రాంగణానికి 2023 మేలో పునాది పడింది. పదేళ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి అన్నారు. ఇలాంటి బ్యాటరీలలో కీలకమైన కాథోడ్ అనే భాగం తయారీ విధానాల ఎగుమతిని చైనా 2025 జూలైలో నియంత్రణ జాబితాలో చేర్చింది. అంతకు ముందు ఏప్రిల్‌లో అరుదైన మూలకాల మీద ఆంక్షలు పెడితే మన దేశంలో వాహన కంపెనీలు అయస్కాంతాల కోసం గిలగిలలాడాయి. యూరియాకు, బ్యాటరీకి సంబంధం లేదనుకోకండి. రెండింటి తలుపు తాళం ఒకే దేశం దగ్గర ఉంది.

సందేహి | 13 నవంబర్

దేవరకొండ అక్క గారి మాటతో నేను కొంత మెత్తబడ్డాను. జనాభా లెక్క జోస్యం కాదు, ఒప్పుకుంటున్నాను. మిగిలిన వాటికి మాత్రం నాదొక షరతు.

టెట్‌లాక్ కథలో రెండో భాగం కూడా చెప్పడం న్యాయం. 2011 నుంచి 2015 వరకు అమెరికా గూఢచార పరిశోధన సంస్థ ఒకటి నడిపిన పోటీలో, ఆయన ఏరిన సాధారణ పౌరులు కొందరు మిగతా జట్ల కంటే చాలా బాగా అంచనా వేశారు. వారిలో ఎక్కువమందికి ఆ విషయాల్లో వృత్తిపరమైన అనుభవం లేదు. అలవాట్లు మాత్రం ఉన్నాయి: ‘జరగవచ్చు’ అని తప్పించుకోకుండా ఇంత శాతం అని అంకె రాయడం, కొత్త సంగతి తెలిస్తే అంకెను మార్చడం, తేదీ దాటాక తప్పొప్పులు లెక్కగట్టడం. లెక్కగట్టే సూత్రం కూడా వాతావరణ శాఖ వాళ్లదే. గ్లెన్ బ్రియర్ 1950లో ఇచ్చాడు. జరుగుతుందని 70 శాతం అన్నారు, జరిగింది, తేడా 0.3, దాని వర్గం 0.09. జరగకపోతే తేడా 0.7, వర్గం 0.49. తక్కువ వచ్చినవాడు మెరుగు. ఎడమకాలువ గారి సంఘం ఇలా పుస్తకం పెట్టి రాస్తే నేను నమ్ముతాను. లేకపోతే అది నలభై పేజీల రంగుల బొమ్మే.

జూరాల గేటు | 13 నవంబర్

సందేహి గారు నన్ను పట్టుకున్నది న్యాయమే. జూన్‌లో నేను రాయలేదు. వాక్ కూడా తన తొలి విడత సినారియోలు విన్నవారి నిర్ణయాలను మార్చలేకపోయాయని తర్వాత తానే రాసుకున్నారు. అందుకే ఆయన ప్రపంచం గురించి చెప్పడం తగ్గించి, ఎదురుగా కూర్చున్న మేనేజరు ఏమి నమ్ముతున్నాడో దాన్ని కదిలించడం మొదలుపెట్టారు. మిల్లు బజారు గారు అన్న ‘వినబుద్ధి కాదు’ అన్న మాటకు మందు అదే.

మీ బోర్డుకు ఒక పూట పని చెబుతాను. ముందుగా కురిసిపోయిన వానలను ఒక కాగితం మీద రాయండి: కూలీల వయసు, గ్యాస్ దిగుమతి, బోర్ల లోతు. ఇవి అన్ని కథల్లోనూ ఒకటే. తర్వాత మీ ఆదాయాన్ని ఎక్కువగా కుదిపేవి, ఎటు తిరుగుతాయో తెలియనివి రెండే ఎంచుకోండి. నా మటుకు ఒకటి, గల్ఫ్, చైనాల నుంచి ఎరువు, గ్యాస్ సాఫీగా వస్తాయా లేక తరచుగా ఆగుతాయా. రెండు, మన నూలు, బట్టలకు బయటి మార్కెట్లు తెరిచి ఉంటాయా మూసుకుంటాయా. ఆగస్టు 27 నుంచి అమెరికా 50 శాతం సుంకం వేసింది. దానికి ముందే, ఆగస్టు 19న, మన ప్రభుత్వం పత్తి దిగుమతిపై 11 శాతం సుంకాన్ని ఎత్తివేసి, తర్వాత ఆ మినహాయింపును డిసెంబర్ 31 దాకా పొడిగించింది. రెండు ప్రశ్నలకు రెండేసి జవాబులైతే నాలుగు లోకాలు వస్తాయి. ఏది నిజమవుతుందో వాదించుకోకండి, సమయం వృథా. గోదామును నాలుగింటిలోనూ నడిపించి చూడండి, జిన్నింగ్ వాటాను కూడా నడిపించి చూడండి. రెండు మూడు లోకాల్లో బతికేదానికి అప్పు తెచ్చుకోవచ్చు. ఒక్క లోకంలోనే బతికేది ఎంత లాభం చూపించినా జూదమే.

ఎడమకాలువ | 23 నవంబర్

ఆలస్యానికి మన్నించాలి. గత ఆదివారం బోర్డు సభ్యులము తొమ్మిది మందిమి, మహిళా సంఘాల నుంచి పిలిచిన నలుగురు కూర్చున్నాము. అక్క గారు అనుమానించినది నిజమే. మా బోర్డులో ఆడమనిషి లేరు.

జూరాల గేటు గారు చెప్పిన నాలుగు లోకాలలో జిన్నింగ్ వాటా ఒక్కదానిలోనే నిలబడింది. పొడవు పింజ పత్తికి ఈ ఏడాది మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు, బయటి ధర దానికి దిగువన ఉంది. మిల్లు నడవడం కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనుగోళ్ల మీదే ఆధారపడుతుంది. మార్కెట్లు తెరుచుకున్న లోకంలో కూడా, పత్తి ఎవరు ఏరుతారన్న ప్రశ్నకు వచ్చిన నలుగురిలో ఎవరూ భరోసా ఇవ్వలేదు. గోదాము మూడు లోకాలలో నిలిచింది. అయితే ఒక యువ సభ్యుడు మంచి మెలిక పెట్టాడు: యూరియా కేటాయింపు ప్రభుత్వం చేతిలో ఉన్నప్పుడు, గోదాము కట్టినంత మాత్రాన అందులోకి యూరియా రాదు. అందువల్ల గోదాము లెక్కలోంచి యూరియా లాభాన్ని పూర్తిగా తీసివేసి, విత్తనాలు, కాంప్లెక్స్ ఎరువులు, వడ్లు తడవకుండా పెట్టుకునే చోటు, వీటి మీదే లెక్క వేశాము. మొన్నటి మొంథా తుఫాను వానలకు కల్లాల్లో తడిసిన వడ్లను చూసినవారికి ఆ చివరి పద్దు గురించి వేరే చెప్పనవసరం లేకపోయింది.

ఇంజినీరు గారి ఫ్రీబోర్డు మాట ప్రకారం, అనుకున్న గోదాములో సగమే కట్టి, మిగతా సగానికి పునాది స్థలం వదలాలని జనవరి సమావేశానికి ప్రతిపాదిస్తున్నాము. అప్పు కూడా సగమే. ఆల్మట్టి పేరు మా కాగితంలో మొదటి వరుసలో ఉంది.

సందేహి గారి షరతు ప్రకారం పుస్తకం తెరిచాము. మొదటి పేజీలో మూడు అంచనాలు ఉన్నాయి. పత్తి దిగుమతి సుంకం మినహాయింపు డిసెంబర్ 31 తర్వాత కూడా కొనసాగుతుందన్నదానికి బోర్డు సగటు 45 శాతం. సుంకం లేని కంది దిగుమతి గడువును మార్చి 31 దాటి పొడిగిస్తారన్నదానికి 80 శాతం. ఈ యాసంగిలో, ఫిబ్రవరి నెలాఖరు లోపల, మా సొసైటీ ముందు యూరియా కోసం మళ్లీ చెప్పుల వరుస కనిపిస్తుందన్నదానికి 35 శాతం. ఇందులో నా సొంత అంకె 60. మీలో ఎవరైనా అంకెలు రాయదలిస్తే ఈ నెల 30 లోపల ఇక్కడే రాయండి, పుస్తకంలో ఎక్కిస్తాము. సందేహి గారి పేరుకు రెండవ పేజీ ఖాళీగా ఉంచాము.

సందేహి | 23 నవంబర్

రాసుకోండి: 30, 85, 50. కంది విషయంలో కందిచేను గారు ఎంత అంటారో చూసి మార్చుకునే హక్కు నాకుండాలి.

కందిచేను | 24 నవంబర్

95. మీరు మార్చుకున్నా నేను మార్చను.